దీవి ఊరి చరిత్ర రాయాలంటే: హైదరాబాద్‌లో ఉండి చేయగలిగిన పని

మాది నాగాయలంక. పెళ్లయ్యాక కూకట్‌పల్లి వచ్చి, ఇక్కడే సోషల్ టీచర్‌గా రిటైరయ్యాను. కృష్ణా డెల్టాలోని మా దివిసీమ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు: "టీచర్‌గారూ, మా ఊరి గురించి రాద్దామనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" చాలామంది గుడితోనో జమీందారుతోనో మొదలుపెడతారు. దీవి ఊరికి ముందు నీళ్ల సంగతి తేల్చాలి. ఏ పాయ ఎటు పోతుంది, రేవు ఎక్కడుంది, పోటు వస్తే ఏ దారి మునుగుతుంది అన్నవి తెలిస్తే, ఎవరు ఎక్కడ ఇల్లు కట్టుకున్నారో, ఎందుకు కట్టుకున్నారో అర్థమవుతుంది.

ఎదురుమొండినే తీసుకుందాం. నాగాయలంక మండలంలోని దీవి ఊరు. ఏటిమొగ రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనూ దాటించే పెద్ద పడవ) ఎక్కి వెళ్లాలి. పురిటి నొప్పులు వచ్చినా, ధాన్యం అమ్ముకోవాలన్నా దారి ఆ రేవే. కాబట్టి మొదటి పేజీ రేవు గురించే రాయండి: పంటు ఏ వేళ మొదలవుతుంది, రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు, పంటు రాకముందు ఏ పడవలు నడిచేవి.

ఇక మ్యాపు. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా ఉంది. వాళ్ల వెబ్‌సైటులో 1:50,000 స్కేలు మ్యాపులు దొరుకుతాయి. రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు లెక్క. దివిసీమ సరిగ్గా 16 డిగ్రీల అక్షాంశం మీద పడుతుంది. అవనిగడ్డ ఆ గీతకు కాస్త పైన, నాగాయలంక కాస్త కింద. అందుకే ఒక్క షీటుతో పని జరగదు. పాత నంబర్ల ప్రకారం అవనిగడ్డ 65 డి/16లో, నాగాయలంక 66 ఎ/13లో వస్తాయి. తూర్పు అంచుకు 66 ఇ/1 కూడా తీసుకోండి. ప్రింటు తీసి అంచులు కలిపి అతికించి, పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలిన చోట వేలు పెట్టి, రెండు పాయలనూ సముద్రం దాకా నీలం పెన్సిలుతో గీయండి. తూర్పు పాయ హంసలదీవి వైపు వెళ్తుంది. అసలు నది కిందికి వెళ్లి గొల్లమత్తపాయ, నడిమేరు లాంటి పాయలుగా విడిపోతుంది. చేత్తో గీస్తే గుర్తుండిపోతుంది. ఫోన్‌లో చూస్తే అలా ఉండదు.

ఆ తర్వాత గూగుల్ ఎర్త్ టైమ్‌ల్యాప్స్ తెరిచి 1984 నుంచి ఈమధ్య సంవత్సరాల దాకా అదే తీరం చూడండి. మన బాలానగర్ ఎన్ఆర్ఎస్‌సీ (ఉపగ్రహ చిత్రాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) వాళ్ల భువన్ మ్యాపుల వెబ్‌సైటు కూడా పనికొస్తుంది. కొన్నిచోట్ల ఒడ్డు వెనక్కి పోయింది. పైన ఆనకట్టలు కట్టాక ఒండ్రు అక్కడే ఆగిపోతోంది, డెల్టా అంచుకు చేరేది తగ్గింది. ఈ ముక్క మీ రచనలో తప్పకుండా ఉండాలి. ఊరు కోసుకుపోతుంటే చరిత్రలో రాయకపోవడం అన్యాయం.

మనుషుల సంగతికి జనగణన జిల్లా హ్యాండ్‌బుక్ చాలు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 2011 లెక్కలో ఊరివారీగా జనాభా, అక్షరాస్యులు, పనిచేసేవాళ్లు ఉంటారు. అంకెలు ఎత్తి రాసి ఊరుకోకండి. మడ అడవుల్లో పీతలు పట్టే యానాది కుటుంబాలు, సముద్రం మీదికి వెళ్లే మత్స్యకారులు, వరి రైతులు, రొయ్యల చెరువుల వాళ్లు, ఒక్కొక్కరికి ఏడాది ఎలా గడుస్తుందో నెలవారీగా రాయండి. భూముల పాత వివరాలకు తహసీల్దారు ఆఫీసులో ఆర్ఎస్ఆర్, డైగ్లాట్ అనే పాత భూముల రిజిస్టర్లు అడగండి. అవసరమైతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

పాత రికార్డుల కోసం అందరూ తార్నాక ఆర్కైవ్స్‌కే పరిగెడతారు. అక్కడ ప్రధానంగా ఉండేవి నిజాం రాజ్యపు కాగితాలు. 1750ల్లో దివిసీమ కోసం ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు పోటీపడ్డారు. 1759లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ బందరు కోట పట్టుకున్నాక ఈ ప్రాంతం క్రమంగా ఈస్టిండియా కంపెనీ చేతిలోకి పోయింది, ఆపైన మద్రాసు ప్రెసిడెన్సీ. కాబట్టి 19వ శతాబ్దపు కాగితాలకు చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్ వెతకాలి. ప్రయాణం చేయలేనివాళ్లు గోర్డన్ మెకంజీ 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్ ఆన్‌లైన్‌లో చదవండి. 1864 నవంబరు 1 నాటి బందరు ఉప్పెన గురించి తప్పక తెలుసుకోండి. దాదాపు ముప్పై వేలమంది పోయారు. తెలుగు పుస్తకాలకు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం మంచి చోటు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సింది 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి పెద్దవాళ్లను అడగడం. ఆ శనివారం సముద్రం ఇరవై అడుగుల ఎత్తున ఊళ్ల మీదికి వచ్చింది. చనిపోయినవాళ్ల అధికార లెక్క పదివేలకు అటూఇటూ, అక్కడివాళ్లు చెప్పే సంఖ్య ఇంకా ఎక్కువ. రెండూ రాయండి, ఏది ఎవరు చెప్పారో కూడా రాయండి. ఆ తర్వాత అప్పటి అవనిగడ్డ ఎమ్మెల్యే మండలి వెంకటకృష్ణారావు గారు పునరావాసం కోసం పడ్డ శ్రమ గురించి వాళ్లే చెబుతారు, మీరు అడగక్కర్లేదు.

కూర్చోగానే "ఉప్పెన రోజు ఏమైంది?" అని అడగకండి. "అప్పట్లో మంచినీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకునేవారు పెద్దమ్మా?" అని మొదలుపెట్టండి. దీవుల్లో భూమిలో నీళ్లు ఉప్పన, చెరువు నీళ్లే ఆధారం. చెరువు మాట రాగానే మిగతాది వాళ్లే చెబుతారు. మా పిన్ని ఇలాగే మా హాల్లో కూర్చుని చెరువు గురించి చెబుతూ లేచి, స్విచ్‌బోర్డు పైన గోడ మీద చెయ్యి పెట్టి, "ఇంతవరకు వచ్చిందే, మీ బాబాయి నన్ను దూలం మీదికి తోశాడు" అంది. ఆ చెయ్యి దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టి టేపుతో కొలిచాను. ఏడడుగుల పైమాటే. జ్ఞాపకాన్ని జ్ఞాపకంగానే రాయాలి, కానీ ఇలా కొలిచిన కొలత పక్కన ఉంటే చదివేవాడికి నీటి ఎత్తు తెలుస్తుంది. చెప్పేవాళ్లు ఏడిస్తే రికార్డింగ్ ఆపేయండి. టీ ఇచ్చి, మిగతాది ఇంకోరోజు అడగండి. వాళ్ల పేరు వేయొచ్చా లేదా అన్నది రాశాక చదివి వినిపించి అడగాలి.

వీలైతే ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గురించి ఒక పేరా చేర్చండి. 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం అక్కడే నడుస్తోంది. సముద్రం ఎలా ఉందో, చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు కబురు వెళ్లేదీ అక్కణ్ణుంచే. మా వాడికి నేను చెప్పేదాకా అది మన ఇంటికి ఇంత దగ్గరలో ఉందని తెలియదు.

చివరగా, ముసాయిదా పట్టుకుని అవనిగడ్డ బస్సు ఎక్కండి. రేవు దగ్గర టీకొట్టులో కూర్చుని పంటు నడిపేవాళ్లకు మొదటి పేజీ చదివి వినిపించండి. వాళ్లు దిద్దినవన్నీ దిద్దాకే ప్రింటుకు ఇచ్చి, ఒక కాపీ పంచాయతీ ఆఫీసుకు, ఒకటి ఊరి బడికి, ఒకటి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి పంపండి.