ముట్లు ఆగే వయసు: ఏ బాధ వయసుది, ఏది కాదు

మా అనంతపురంలో నలభై దాటిన ఆడమనిషి ఏ బాధ చెప్పుకున్నా రెండే జవాబులు. "ఈ వయసులో మామూలేలే" అనేది ఒకటి. "గర్భసంచి తీసేయించుకో, పీడా పోతాది" అనేది రెండోది. ఈ రెండు మాటలూ వింటూ నేను మూడేళ్లు గడిపాను.

వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. మన దేశంలో ఎక్కువమందికి 46, 47 ఏళ్లకు అటూ ఇటూగా వస్తుంది. దానికి కొన్నేళ్ల ముందు నుంచే ఒంట్లో మార్పులు మొదలవుతాయి.

ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు, చెమట

మే నెల ఎండలో ఏది ఎండ సెగ, ఏది ఒంటి సెగ? ఎండది నీడకు పోతే నెమ్మదిస్తుంది. ఇది ఛాతీలో పుట్టి, మెడ మీదుగా మొహానికెక్కి, కొన్ని నిమిషాలు తడిపేసి, వెనకాలే చలి పుట్టిస్తుంది. డిసెంబరు రాత్రి దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నప్పుడు నాకు తేడా తెలిసింది. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గేసరికి, ఒంటి వేడిని అదుపులో ఉంచే మెదడు భాగం చిన్న మార్పుకే కంగారు పడుతుంది.

రాత్రిపూట కారం, కాఫీ తగ్గించి చూడండి. ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జి మానమని చెప్పే ధైర్యం నాకు లేదు. నిద్రే పట్టనంతగా ఉంటే హార్మోన్ చికిత్స బాగా పనిచేస్తుంది, ముఖ్యంగా 60 లోపు, ముట్లు ఆగి పదేళ్లు దాటని వాళ్లకు. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లకు మామూలుగా ఇవ్వరు. వాళ్లకు హార్మోన్ లేని మాత్రలున్నాయి. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్ కూడా వాడాలి, కాబట్టి మందుల షాపులో అడిగి కొనుక్కునే మాత్ర కాదిది.

చెమటతో పాటు బరువు తగ్గి, చేతులు వణుకుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. సాయంత్రం జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే టీబీ ఉందేమో చూసే తెమడ పరీక్ష. అది ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

ఆగిన ముట్టు మళ్లీ కనిపించింది

మా వదినకు ఆగిన రెండేళ్లకు చీరకు మరకైంది. "వేడి చేసిందిలే" అని నెలంతా సబ్జా నీళ్లు తాగింది. తర్వాత స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర 11 మిల్లీమీటర్లు ఉంది. 4 దాటితే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆమెకు చిన్న కండ పెరిగిందంతే, తీసేశారు. అందరికీ అలా తేలదు. ఏడాది ఆగాక రక్తం కనిపించిన వాళ్లలో సుమారు పదిమందికి ఒకరికి గర్భసంచి క్యాన్సర్ ఉంటుంది. ఒక్క చుక్కయినా సరే, ఆ వారమే చూపించుకోండి.

ఇంకా ఆగనివాళ్లకు ముట్టు గతి తప్పడం సహజమే. గంటకో ప్యాడ్ తడిసిపోవడం మాత్రం సహజం కాదు.

"గర్భసంచి తీసేద్దాం" అన్నారు

గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. తెల్లబట్ట, నడుం నొప్పి మాత్రమే ఉంటే దానికి ఆపరేషన్ అక్కర్లేదు. రక్తస్రావం ఎక్కువైతే మాత్రలు, లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉన్నాయి. కర్నూలు పెద్దాసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో ఇంకో డాక్టరుకు చూపించండి. తప్పదంటే "అండాశయాలు ఉంచుతారా?" అని అడగండి. ముట్లు ఆగకముందే వాటిని కూడా తీసేస్తే, పైన చెప్పిన సెగలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఎముకలూ త్వరగా గుల్లబారతాయి.

మూత్రంలో మంట, దగ్గరైనప్పుడు నొప్పి

దీన్ని మొగుడికే కాదు, అక్కచెల్లెళ్లకు కూడా చెప్పుకోం. ఈస్ట్రోజన్ తగ్గి అక్కడి పొర పలచబడి, తడి ఆరిపోతుంది. డాక్టరు రాసే ఈస్ట్రోజన్ క్రీమ్ దీనికి నేరుగా పనిచేస్తుంది. సబ్బుతో లోపల కడగొద్దు. మంట మాటిమాటికీ వస్తుంటే మూత్రంలో క్రిములున్నాయేమో చూసే కల్చర్ పరీక్ష, షుగర్ పరీక్ష చేయించాలి.

కీళ్లు, నడుం పట్టేయడం

ఎముక పలచబడడం ఒక్కటే అయితే నొప్పి ఉండదు, విరిగేదాకా తెలియదు. అందుకే నొప్పి ఉంటే ఇంకేమైనా ఉందేమో చూడాలి. మా జిల్లాలో చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. మెడ, నడుం కొయ్యలా బిగుసుకుపోతుంటే ముందు తాగే నీళ్లు పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

ఎముకకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో 340 దాకా ఉంటుంది, అంటే సంగటి ఒక్కటే చాలదు, పాలో పెరుగో తోడుండాలి. కాల్షియం మాత్రను ఐరన్ మాత్రతో కలిపి వేసుకోవద్దు. థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు ఎడం ఇవ్వండి. రోజూ నడవండి, బరువు మోసే పని పూర్తిగా మానొద్దు.

కోపం, ఏడుపు, నిద్ర లేకపోవడం

సగం సెగల వల్ల నిద్ర చెడి వచ్చేదే. సెగలు తగ్గితే ఇదీ తగ్గుతుంది. రెండు వారాలు దాటినా దేని మీదా మనసు పోకపోతే అది డిప్రెషన్ కావచ్చు, మందుంది.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు చివరి ముట్టు తేదీ, సెగలు రోజుకు ఎన్నిసార్లు, వాడే మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసుకుపోండి. బీపీ, షుగర్ కూడా అదే రోజు చూపించుకోండి, ముట్లు ఆగాక గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.