అప్‌గ్రేడ్‌కు ముందురోజే బ్యాకప్ స్టోరేజ్ కనెక్షన్ చూసుకోండి

సర్వర్ అప్‌గ్రేడ్ చేసేముందు, డిస్కులు మార్చేముందు "బ్యాకప్ అయిందా?" అని అందరూ అడుగుతారు. అయిందనే లాగ్ చెబుతుంది. ఏ డిస్క్‌లోకి వెళ్లిందో మాత్రం మనమే చూడాలి. బ్యాకప్‌ను నెట్‌వర్క్ స్టోరేజ్‌కి పంపుతుంటే, కనెక్షన్ పరీక్షను అప్‌గ్రేడ్ రోజుకు వాయిదా వేయకండి. తేడా కనిపిస్తే సరిచేసుకోవడానికి చేతిలో ఒక రోజైనా ఉండాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదం, మౌంట్ (స్టోరేజ్‌ను సర్వర్‌లోని ఒక ఫోల్డర్‌కు కలపడం) ఊడిపోయినా ఎవరికీ తెలియకపోవడం. లినక్స్‌లో మౌంట్ పాయింట్ మామూలు ఫోల్డరే. రీబూట్ తర్వాత స్టోరేజ్ మౌంట్ కాకపోయినా ఆ ఫోల్డర్ అలాగే ఉంటుంది. స్క్రిప్ట్ ఏ ఎర్రరూ ఇవ్వకుండా అందులోనే, అంటే సర్వర్ సొంత డిస్క్‌లోనే రాసుకుంటూ పోతుంది. రూట్ పార్టిషన్ (సర్వర్ సిస్టమ్ ఉండే డిస్క్ భాగం) నిండితే డేటాబేస్ ఆగిపోవచ్చు. తర్వాత ఎవరైనా స్టోరేజ్‌ను మౌంట్ చేస్తే ఆ ఫైళ్లు దాని కింద దాగిపోతాయి, డిస్క్ ఎందుకు నిండిందో ఎంత వెతికినా అంతుపట్టదు. అందుకని స్క్రిప్ట్ మొదట్లోనే మౌంట్‌పాయింట్ కమాండ్‌తో చూసి, మౌంట్ లేకపోతే అక్కడే ఆపేయండి. మౌంట్ చేయకముందు ఆ ఖాళీ ఫోల్డర్‌ను చాట్ఆర్ (chattr) కమాండ్‌తో ఇమ్యూటబుల్, అంటే మార్చడానికి వీల్లేకుండా, చేసి పెడితే ఇంకా మంచిది. మౌంట్ లేనప్పుడు అన్ని హక్కులున్న రూట్ యూజర్ కూడా అందులో కొత్త ఫైల్ పెట్టలేడు.

పింగ్ (మెషీన్ జవాబిస్తోందో లేదో చూసే కమాండ్) వస్తోంది కదా అని ఊరుకోవద్దు. సర్వీస్ పోర్టు తెరిచి ఉందో లేదో చూడాలి. నెట్‌వర్క్ స్టోరేజ్‌ను వాడుకునే పద్ధతుల్లో ఎన్ఎఫ్ఎస్ (NFS)కి పోర్టు 2049, ఎస్ఎంబీ (SMB)కి 445, ఐస్కసీ (iSCSI)కి 3260. ఎన్ఎఫ్ఎస్ మూడో వెర్షన్ అయితే 111తో పాటు మౌంట్ సర్వీస్ పోర్టు కూడా ఫైర్‌వాల్‌లో తెరవాలి. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వస్తే సాధారణంగా మెషీన్ దాకా వెళ్లగలిగాం, అక్కడ సర్వీస్ నడవడం లేదు. "టైమ్డ్ అవుట్" అని వస్తే ముందు ఫైర్‌వాల్, రూటింగ్ చూడండి.

బాగా తికమక పెట్టేది జంబో ఫ్రేముల (మామూలుకన్నా పెద్ద నెట్‌వర్క్ ప్యాకెట్ల) తేడా. సర్వర్‌లో, స్టోరేజ్‌లో ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 బైట్లు పెట్టి, మధ్యలో స్విచ్ 1500 దగ్గరే ఉండిపోయిందనుకోండి. పింగ్ వస్తుంది, మౌంట్ అవుతుంది, చిన్న ఫైళ్లు కాపీ అవుతాయి. పెద్ద ఫైల్ మొదలుపెట్టగానే బిగుసుకుపోతుంది. ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దనే ఆప్షన్ పెట్టి, 8972 బైట్లతో పింగ్ చేయండి. మిగతా 28 బైట్లు హెడర్లవి. జవాబు రాకపోతే దారిలో ఎక్కడో ఎంటీయూ తక్కువగా ఉన్నట్టే.

"పర్మిషన్ డినైడ్" వస్తే ఎన్ఎఫ్ఎస్‌లో రూట్ స్క్వాష్ కారణం కావచ్చు. రూట్‌గా నడిచే బ్యాకప్‌ను స్టోరేజ్ అనామక యూజర్‌గా చూస్తుంది. స్క్వాష్ తీసేయడం సులువే, కానీ బ్యాకప్‌కి వేరే యూజర్‌ను పెట్టి ఆ ఫోల్డర్ హక్కులు ఇవ్వడమే సురక్షితం. ఎస్ఎంబీలో అయితే ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుందో చూసుకోండి.

ఎన్ఎఫ్ఎస్ బ్యాకప్‌కి సాఫ్ట్ మౌంట్ వద్దు. నెట్‌వర్క్ కాసేపు పోతే అది మధ్యలో వదిలేస్తుంది, ఫైల్ సగమే మిగలొచ్చు. హార్డ్ మౌంట్ అయితే స్టోరేజ్ తిరిగి వచ్చేదాకా ఆగుతుంది. ఆలోగా డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ (df) కమాండ్ కూడా కదలకపోతే టెన్షన్ పడి సర్వర్‌ను రీబూట్ చేయకండి, ముందు నెట్‌వర్క్ సంగతి చూడండి. ఐస్కసీ డిస్కులకు, బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ (fstab) ఫైల్‌లో నెట్‌డెవ్ (_netdev) ఆప్షన్ ఉండాలి. లేకపోతే రీబూట్‌లో సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోవచ్చు, అదీ సరిగ్గా అప్‌గ్రేడ్ మధ్యలో.

ఇవన్నీ అయ్యాక కొన్ని జీబీల ఫైల్ ఒకటి స్టోరేజ్‌కి పంపండి. దాన్ని వేరే మెషీన్ మీదకు తెచ్చుకుని రెండు చోట్లా చెక్‌సమ్ (ఫైల్ మారలేదని తేల్చే కోడ్) పోల్చండి. ఆ తర్వాత అసలు బ్యాకప్‌లోంచి ఒక డేటాబేస్‌ను రీస్టోర్ చేసి, తెరుచుకుంటోందో లేదో చూడండి. తెరుచుకోకపోతే అప్‌గ్రేడ్ తేదీ మార్చండి.