బొద్దింకలకు బోరిక్ ఉండలు

రాత్రి నీళ్ల కోసం లేచి వంటింట్లో లైటు వేయగానే సింకు కింద చిన్న గోధుమరంగు బొద్దింకలు చెల్లాచెదురుగా పరిగెడుతున్నాయా? స్ప్రే పక్కన పెట్టి ఇది చేసి చూడండి. మెడికల్ షాపులో బోరిక్ పౌడర్ అడగండి. ఒక చెంచా పౌడర్, ఒక చెంచా గోధుమపిండి, అర చెంచా పంచదార పొడి, కాసిన్ని పాలు కలిపి శనగగింజంత ఉండలు చేసుకోండి. సిలిండర్ వెనక, అరల మూలల్లో, ముఖ్యంగా ఫ్రిజ్ మోటారు పక్కన పెట్టండి. ఆ వెచ్చదనానికే అవి అక్కడ చేరతాయి.

తిన్న వెంటనే చావవు, కొన్ని రోజులు పడుతుంది. ఆడది ఒక్కో గుడ్ల సంచిలో 30 నుంచి 40 గుడ్లు మోస్తుంది. అవి పొదిగాక వచ్చే పిల్లలకూ మందు ఉండాలి కదా, అందుకే రెండు నెలలైనా ఉండలు మారుస్తూ ఉండండి.

పడుకునే ముందు సింకును పొడిగుడ్డతో తుడవండి. తిండి లేకపోయినా చాలా రోజులు లాగిస్తాయి గానీ నీళ్లు లేకపోతే తట్టుకోలేవు. మా వంటింట్లో తేడా తెచ్చింది ఎక్కువగా ఈ తుడవడమే.

ఒక్క జాగ్రత్త: పాకే పిల్లలకు, పెంపుడు కుక్కలకు, పిల్లులకు అందే చోట అస్సలు పెట్టకండి. పిండి కలిపిన గిన్నెను మళ్లీ వంటకు వాడొద్దు.