చంటిబిడ్డతో ఊసులాడటం ఎలా?

బిడ్డ ముఖం పక్కకు తిప్పుకోగానే చిటికెలు వేసేవాళ్లను, గడ్డం పట్టుకుని తమవైపు తిప్పుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పసిపిల్లల సంరక్షణ కేంద్రంలో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. అంతవరకూ చక్కగా చేసినవాళ్లు కూడా సరిగ్గా అక్కడే చెడగొడతారు. కాబట్టి సులువైనవి గబగబా చెప్పేసి, ఆ ఒక్క చోట తీరిగ్గా ఆగుతాను.

కావలసినవి మీ ముఖం, మీ గొంతు, కాస్త తీరిక. గిలక్కాయ అవసరం లేదు. ఫోను పక్క గదిలో పెట్టి రండి. బోర్లించి పెట్టినా కుదరదు, మీ చూపు దానిమీదికే పోతుంది.

1. వేళ చూసుకోండి. కడుపు నిండి, నిద్రమత్తు వదిలి, కళ్లు విప్పార్చి చూస్తున్నప్పుడే మొదలుపెట్టాలి. తొలి వారాల్లో అలాంటి వేళ కొద్ది నిమిషాలే దొరుకుతుంది.

2. దగ్గరగా కూర్చోండి. అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. అంటే జానెడు, మహా అయితే ఇంకో నాలుగు వేళ్లు. తలకింద చెయ్యి ఉండాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మీ ముఖం చీకట్లో పడుతుంది.

3. మాట్లాడి, ఆగండి. సాగదీస్తూ, గొంతు కాస్త సన్నగా చేసి, ముద్దుముద్దుగా మాట్లాడండి. పెద్దవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడాలనే సలహాను నేను లెక్కచేయను. పసివాళ్లు చెవి ఒగ్గేది సాగే గొంతుకే. వినడంలో వాళ్లు తక్కువవాళ్లేమీ కాదు. పుట్టి మూడు రోజులైనా నిండని పిల్లలు తల్లి గొంతు వినడం కోసం పాలపీక చప్పరించే తీరునే మార్చుకున్నారని 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు చూపించారు. ఒక మాట అన్నాక మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టండి. కనుబొమ లేస్తుంది, నోరు సున్నాలా తెరుచుకుంటుంది, లేదా కాలు ఒక్కసారి తంతుంది. అదే జవాబు. మీరూ నోరు అలాగే తెరవండి.

4. ముఖం తిప్పుకుంటే వెంటపడకండి. అసలు పని ఇక్కడుంది.

ముందు చూపు జారుతుంది. తర్వాత గుప్పిట నోట్లోకి వెళుతుంది; ఆవలింత రావచ్చు, ఎక్కిళ్లు రావచ్చు. అప్పటికీ మీరు ఆపకపోతే వేళ్లు విచ్చుకుంటాయి, వీపు విల్లులా వంగుతుంది, ఏడుపు మొదలవుతుంది. చూపు జారిన క్షణంలోనే మీరు ఆగి ఉంటే మిగతావేవీ జరిగేవి కావు. నచ్చక చూపు తిప్పుకుంటోందని అనుకోకండి. మీ ముఖం, మీ గొంతు ఆ చిన్న ప్రాణానికి పెద్ద సందడి. చూపు తిప్పుకోబోయే ముందు గుండె వేగం పెరుగుతుందని, తిప్పుకున్నాక నెమ్మదిస్తుందని కొలిచి చూశారు. ఊపిరి తీసుకోనివ్వండి.

ఒక తండ్రి నాలుగు నెలల కొడుకును ఒళ్లో పెట్టుకుని, వాడు అటు తిరిగిన ప్రతిసారీ చప్పట్లు కొడుతున్నాడు. “వీడికి నేను నచ్చలేదేమోనండీ” అన్నాడు. చేతులు దించి, నోరు మూసుకుని కూర్చోమన్నాను. పిల్లవాడు గుప్పిట చప్పరిస్తూ గోడకేసి చూశాడు. కాసేపటికి చూపు తండ్రి చొక్కా గుండీ మీదికి వచ్చింది, అక్కడినుంచి గడ్డం మీదికి, చివరికి కళ్లలోకి. అప్పుడు “ఊఁ” అన్నాడు తండ్రి. వాడు బోసినోరు మొత్తం తెరిచి నవ్వాడు.

ఆగమన్నానని ముఖం మొద్దులా పెట్టుకుంటే అది ఇంకో పొరపాటు. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తల్లులను కొద్ది నిమిషాలు ఏ భావమూ లేని ముఖంతో బిడ్డల ఎదుట కూర్చోబెట్టాడు. బిడ్డలు ముందు నవ్వి పిలిచారు, చేతులు ఊపారు. ఫలితం లేకపోయేసరికి ముఖాలు తిప్పుకుని డీలా పడ్డారు. మౌనంగా ఉండండి గానీ, మీ కళ్లు బిడ్డ మీదే ఉండాలి, ముఖం మెత్తగా ఉండాలి. ఫోను చూస్తున్న ముఖం మొద్దు ముఖమే.

ఇది చదివి బెంబేలెత్తకండి. అన్యోన్యంగా ఉండే తల్లీబిడ్డల మధ్య కూడా శ్రుతి కలిసేది దాదాపు మూడో వంతు సమయమేనని ట్రానిక్ పరిశీలనల్లోనే తేలింది. మిగతాదంతా తప్పిపోవడం, మళ్లీ దొరకడం. తప్పిపోయాక తిరిగి కలిసిన ప్రతిసారీ బిడ్డ మీమీద నమ్మకం పెంచుకుంటుంది. చిటికెలు వేసేశారా? ఆపి, మళ్లీ అయిదు లెక్కపెట్టండి.

5. ఏడిస్తే ఎత్తుకోండి. ఎత్తుకు మరుగుతుందనే మాట నా ముందు అనకండి. తొలి నెలల్లో ఏడుపుకు వెంటనే పలికిన తల్లుల బిడ్డలు ఏడాది చివరికి తక్కువ ఏడ్చారని సిల్వియా బెల్, మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకులు 1972లో ప్రకటించారు. చూసింది 26 తల్లీబిడ్డల జంటలనే కదా అని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదన వాళ్లది, నేను మాత్రం ఎత్తుకుంటాను. మీకే సహనం నశిస్తుంటే బిడ్డను పడకమీద వెల్లకిలా, భద్రంగా పడుకోబెట్టి నాలుగు నిమిషాలు బయటికి వెళ్లండి. కోపంలో కుదపడం ప్రాణాంతకం.

మూడు నెలలు నిండినా బిడ్డ ముఖాల వంక చూడకపోతే, నవ్వకపోతే వైద్యులకు చూపించండి. రెండు వారాలు దాటినా మీ దిగులు తగ్గకపోతే మీ గురించి కూడా చెప్పండి.

6. ముగించండి. వరసగా మూడోసారి చూపు తిప్పుకుందంటే ఆ పూటకు చాలు. మూడే ఎందుకని అడగకండి, నా లెక్క అంతే. భుజాన వేసుకుని, మాట్లాడకుండా అటూఇటూ నడవండి.