సీపీవీసీ జాయింటు ఇద్దరి పని

అనంతపురం ఎండల్లో మేడ మీద సీపీవీసీ పైపులు (నీళ్ల కోసం వాడే ఒక రకం ప్లాస్టిక్ పైపులు) అతికించేటప్పుడు సాల్వెంట్ సిమెంటు, అంటే వాటిని అతికించే జిగురు, త్వరగా ఆరిపోతుంది కాబట్టి, పని కొత్తగా నేర్చుకుంటున్నవారు ఇద్దరిద్దరుగా చేయడం మేలు. ఒకరు పైపును ఏటవాలు లేకుండా అడ్డంగా కోసి, అంచు నునుపు చేసి, తుడిచి, ఎంత లోతు దిగాలో మార్కరుతో గీత గీసి అందించాలి. రెండవవారు సిమెంటు పూసి, పైపును ఫిట్టింగులోకి (పైపులను కలిపే ముక్కలోకి) పావు వంతు తిప్పుతూ గీత వరకు దించి, 10 నుంచి 30 సెకన్ల పాటు కదలకుండా పట్టుకోవాలి. ఆ క్షణంలో జతగాడు అవతలి చివర కదిపితే జాయింటు వెనక్కి జారుతుంది.

అంతకంటే ఎక్కువ చిక్కు తెచ్చేవి, కొలత కోసం సిమెంటు లేకుండా అమర్చి మరచిపోయిన జాయింట్లు. భోజనం చేసి వచ్చేసరికి ఏది అతికించామో ఎవరికీ గుర్తుండదు. ప్లాస్టరింగుకు ముందు ప్రెజర్ టెస్టు (పైపుల్లో ఒత్తిడితో నీళ్లు నింపి కారుతున్నాయేమో చూడడం) చేయకపోతే, గోడ చెమ్మగిల్లాక గానీ సంగతి బయటపడదు. అందువల్ల అతికించినవారే అప్పటికప్పుడు ఆ జాయింటు మీద గుర్తు పెట్టాలి.

పైపుల్లోకి నీళ్లు వదిలేటప్పుడు ట్యాంకు దగ్గర ఉన్నవారు కేకవేసి, కింది నుంచి “తిప్పు” అన్న జవాబు స్పష్టంగా వినిపించాకే వాల్వు తెరవాలి; మౌనం అర్ధాంగీకారమన్న లెక్క ఇక్కడ చెల్లదు.