ముఖం తెలియనివాళ్ళకి మన గురించి ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి

ఉద్యోగం హైదరాబాదులో, లేదా పని గల్ఫులో. సాయంత్రం గదికొచ్చి ఫోను తీస్తే ఏదో ఒక గ్రూపు: కుట్టుపనిది, పోటీ పరీక్షలది, మొక్కలది, ఊరివాళ్ళది. చేరిన మర్నాడే "కొత్తవాళ్ళు పరిచయం చేసుకోండి" అంటారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళు చాలామంది అక్కడ రాసేది ఇలా ఉంటుంది: "హాయ్ అండి. మాది వైజాగ్ దగ్గర. బీటెక్ చేశాను. పాటలు వినడం, సినిమాలు చూడడం ఇష్టం." కింద నాలుగు దండాలు, రెండు వెల్కమ్‌లు పడతాయి. అంతటితో సరి.

ఆ పరిచయంలో అబద్ధమేమీ లేదు. అవతలివాళ్ళు పట్టుకోడానికి కొస లేదు, అంతే. పాటలంటే ఇష్టం అన్నవాళ్ళని ఇంకేం అడుగుతారు? పైగా "వైజాగ్ దగ్గర" అనగానే మన ఊరు మాయమైపోతుంది. ఈ మాట మానెయ్యాలి. "మాది రాజాం. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. అడ్రసు రాసేటప్పుడు చెయ్యి ఇంకా పాత జిల్లాకే పోతుంది" అని చూడండి. కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఊరు ఇటునుంచి అటు మారినవాళ్ళందరూ మాట్లాడతారు. "శ్రీకాకుళం రోడ్డు స్టేషను శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది, మొదటిసారి వచ్చే చుట్టాలకి ఈ మాట చెప్పడం మా ఇంట్లో నా పని" అంటే, అక్కడ దిగి ఆటో వెతుక్కున్నవాళ్ళు తప్పకుండా జవాబిస్తారు.

రాయడానికి ముందు ఒక కాగితం, పెన్ను తీసుకోండి. ఫోనులో వద్దు. ఫోనులో రాస్తే తోచిన మొదటి మూడు ముక్కలే పంపేస్తాం. ఇరవై నిమిషాలు కూర్చుని మీ గురించి పాతిక ముక్కలు రాయండి. మొదటి పది ఎలాగూ చదువు, ఉద్యోగం, ఇష్టమైన రంగు దగ్గర ఆగిపోతాయి. పదకొండో ముక్క నుంచి అసలు సరుకు వస్తుంది. రాకపోతే ఈ ప్రశ్నలు వేసుకోండి. వారంలో ఒకసారైనా నా చేతులు చేసే పని ఏమిటి? ఏ వంట విషయంలో ఇంట్లోవాళ్ళతో వాదిస్తాను? కళ్ళు మూసుకుని వెళ్ళగలిగే దారి ఏది? బయటి ఊళ్ళో నా మాటల్లో దేన్ని విని నవ్వారు? ఇన్నేళ్ళొచ్చినా ఏం చేతకాదు? ఏ విషయంలో మనసు మార్చుకున్నాను?

వచ్చిన ప్రతి ముక్కనీ ఒక్క మెట్టు కిందికి దించండి. పెద్ద మాట మీద నిలబడి ఉంటే దాన్ని ఒక వస్తువు దాకా తీసుకురండి. "మాది పొందూరు, ఖద్దరుకి ప్రసిద్ధి" అనేది ఎవరైనా చెప్పగల సమాచారం. "మా అమ్మమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకేది. చిన్నప్పుడు ఆ దవడ పళ్ళమీద వేలు పెట్టి తిట్లు తిన్నాను" అన్నది మీది. పొందూరులో సన్నఖద్దరుకి పత్తిని నిజంగానే వాలుగ దవడతో శుభ్రం చేస్తారు. ఈ సంగతి తెలియనివాడు ఆగి అడుగుతాడు, తెలిసినవాడు తన ఇంటి సంగతి చెబుతాడు. అలాగే "మాది పలాస, జీడిపప్పు ఊరు" అనడం కంటే "సెలవుల్లో జీడిపిక్కలు కొట్టేవాళ్ళం, ఆ జీడి అంటుకుని బడి తెరిచేదాకా వేళ్ళు నల్లగా ఉండేవి" అన్నది మేలు. కాకపోతే నిజంగా కొట్టినవాళ్ళే రాయాలి. పరిచయంలో కల్పించిన ముక్క మూడో ప్రశ్నకి దొరికిపోతుంది.

పాతిక అయ్యాక కొట్టివేతలు. ఇక్కడ తొందరపడొద్దు, మూడుసార్లు చదవండి.

మొదటిసారి, తాళంచెవులు తీసెయ్యండి. పుట్టినరోజు పూర్తి తేదీ, అమ్మ పుట్టింటి ఇంటిపేరు, మొదట చదివిన బడి, పెంచిన కుక్క పేరు, మొదటి బండి నంబరు. ఇవన్నీ ముద్దుముద్దుగా కనిపిస్తాయి. కానీ కొన్ని ఖాతాల్లో పాస్‌వర్డు మరిచిపోయినప్పుడు అడిగే ప్రశ్నలకి జవాబులు ఇలాంటివే. "మీ మొదటి టీచరు పేరు, మీరు పుట్టిన ఊరు, మీ ముద్దుపేరు కింద రాయండి, సరదాగా" అని తిరిగే ఆటల్లో కలవకండి. పుట్టినరోజు చెప్పాలనిపిస్తే "సంక్రాంతి నెలలో పుట్టాను" అంటే చాలు. ఆధార్, పాన్ కార్డుల ఫోటోలు ఏ గ్రూపులోనూ పెట్టకూడదు. ఎవరికైనా తప్పక ఆధార్ ఇవ్వాల్సివస్తే పన్నెండు అంకెల్లో చివరి నాలుగే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

రెండోసారి, ముక్కల్ని విడిగా కాకుండా కలిపి చదవండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఊరు చెబితే ఏమవుతుంది? ఏమీ కాదు. ఇంటిపేరు చెబితే? ఏమీ కాదు. పదో తరగతి ఏ సంవత్సరం పాసయ్యారో చెబితే? అదీ ఏమీ కాదు. మూడూ ఒకేచోట ఉంటే మాత్రం రెండు వందల గడపల ఊళ్ళో అది ఒక్క మనిషే. వీధి చివర కిరాణా కొట్టులో అడిగినా ఇల్లు చూపిస్తారు. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఇంటిపేరు చెబితే ఊరు బదులు మండలంతో ఆగాలి, ఊరు చెబితే ఇంటిపేరు వద్దు. ఊళ్ళో లేని రోజులు ముందే చెప్పకూడదు. "పండక్కి ఊరెళ్తున్నాం, పది రోజులు ఉండం" అనేది వెళ్ళొచ్చాక చెప్పే మాట. పిల్లల ఫోటోలో యూనిఫాం మీద బడి పేరు, బండి నంబరు ప్లేటు, గుమ్మం మీద డోర్ నంబరు కనిపిస్తున్నాయేమో చూసుకోండి. ఇంకొకటి: వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది తీసిన చోటు వివరం ఊడిపోతుంది, 'డాక్యుమెంట్'గా పంపితే ఫోటోతోపాటు వెళ్ళిపోవచ్చు.

మూడోసారి చదివేటప్పుడు ఒక్కటే ప్రశ్న: ఈ సంగతి నాదేనా? చెల్లి సంబంధాలు, మరిది జీతం, అత్తగారి మందులు మీవి కావు. ఉద్దానం వైపు వాళ్ళకి ఇది గట్టిగా చెప్పాలి. అక్కడి కిడ్నీ జబ్బు గురించి దేశమంతా తెలుసు కాబట్టి "మా నాన్నకి డయాలసిస్" అని పరిచయంలోనే రాసేస్తుంటారు. ఆ బాధ నిజమైనదే, చెప్పుకోవాలనిపించడమూ సహజమే. కానీ ఆ జబ్బు నాన్నది. ఇంట్లో పెళ్ళి కావలసినవాళ్ళు ఉంటే ఆ ఒక్క వాక్యం సంబంధం మాటల దాకా పోతుంది. ముందు ఆయన్ని అడగండి. సరేనంటే కొత్తవాళ్ళందరి మధ్యా కాకుండా, అదే కష్టంలో ఉన్నవాళ్ళ దగ్గర చెప్పండి. సాయమూ అక్కడే దొరుకుతుంది.

పాతికలో పదో పన్నెండో మిగులుతాయి. వాటిలో ఆరు చాలు. నాలుగు తేలికవి, ఒకటి మీరు ఇతరులకి చేసిపెట్టగల పని, ఒకటి కొంచెం లోతైనది. ఒక్కోటీ పదిహేను మాటలు దాటకుండా, మొత్తం ఫోను తెరలో ఒక్కసారికి కనిపించేటట్టు. చివర ఒక చిన్న ప్రశ్న. సోంపేట వైపు నుంచి వచ్చి కుట్టుపని గ్రూపులో చేరిన ఒకామె పరిచయం ఇలా ఉండొచ్చు:

"అందరికీ నమస్తే. మాది సోంపేట వైపు, ఉండేది హైదరాబాదు.
'ఏటి' అనడం మానలేదు, మానను కూడా.
సముద్రం పక్కన పెరిగాను, ఈత మాత్రం రాదు.
జాకెట్టు మెడ బాగా తిప్పుతాను, చంక దగ్గర ముడత మాత్రం పోవడం లేదు.
2018 తిత్లీ తుపానుకి మా కొబ్బరిచెట్లు పడిపోయాయి. ఇప్పటికీ గాలి చప్పుడైతే నిద్ర పట్టదు.
కుట్టుమిషను దారం తెగుతుంటే ఫోటో పెట్టండి, ఎందుకో చెబుతాను.
మీ ఇంట్లో పనసపొట్టు కూరలో ఆవ పెడతారా, పెట్టరా?"

ఒక్కో ముక్క ఏం చేస్తోందో చూడండి. చంక ముడత అన్నది చేతకానితనం. చేతకానిది ఒకటి ఒప్పుకుంటే తెలిసినవాళ్ళకి చెప్పడానికి చోటు దొరుకుతుంది. అన్నీ వచ్చని రాసేవాళ్ళ దగ్గర ఎవరూ కూర్చోరు. దారం తెగడం గురించి రాసినది ఇచ్చే చెయ్యి. తుపాను మాట లోతైనది, అయినా రెండు చిన్న వాక్యాలతో ఆగింది. చదివినవాళ్ళు కావాలంటే అందుకుంటారు, లేకపోతే పక్కనుంచి వెళ్ళిపోతారు. ఆ దారి వాళ్ళకి ఉంచాలి. ఇక పనసపొట్టు ప్రశ్న. "మీ గురించి చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. ఆవ పెడతారా పెట్టరా అంటే, రెండు మాటల్లో జవాబు వస్తుంది, దాని వెనక అమ్మ వంట వస్తుంది.

యాస గురించి సంకోచం పెట్టుకోవద్దు. మొత్తం యాసలో రాస్తే తెలంగాణవాళ్ళకీ రాయలసీమవాళ్ళకీ అందకపోవచ్చు. ఒకటి రెండు మాటలు మాత్రం ఉండనివ్వండి. వాడుక భాష కోసం గురజాడ నిలబడి వాదించింది విజయనగరం గడ్డమీదే. మన మాట రాసుకోడానికి ఇంకొకరి అనుమతి అక్కర్లేదు. ఎవరైనా వెక్కిరిస్తే వాదించకుండా ఆ మాట అర్థం చెప్పి ఊరుకోండి.

పిలుపుల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. మనవైపు పెద్దవాళ్ళని కూడా ప్రేమగా "నువ్వు" అంటాం. కృష్ణా, గుంటూరు వైపు వాళ్ళకి అది అక్షరాల్లో చూస్తే మర్యాద తప్పినట్టుంటుంది, గొంతులోని ప్రేమ వాళ్ళకి వినపడదు కదా. మొదట అందరికీ "గారు", "మీరు". వాళ్ళు నువ్వంటే అప్పుడు మీరూ దిగండి. వయసు ఊహించి అక్క, ఆంటీ, అంకుల్ అని తగిలించొద్దు.

పరిచయం పెట్టేముందు మూడు నాలుగు రోజులు గ్రూపు చదవండి. ఎవరు ఏం మాట్లాడతారో తెలుస్తుంది, మీ ఆరు ముక్కల్లో ఏవి ఇక్కడ పనికొస్తాయో తెలుస్తుంది. వాట్సాప్ గ్రూపులో మీ ఫోన్ నంబరు అందరికీ కనిపిస్తుందని గుర్తుంచుకోండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీకి వెళ్ళి ప్రొఫైల్ ఫోటో, లాస్ట్ సీన్ 'నా కాంటాక్టులు' అని మార్చండి. మిమ్మల్ని గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చో కూడా అక్కడే ఉంటుంది. అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి ఆరంకెల పిన్ ఇవ్వండి. ఆడవాళ్ళు నంబరు కనిపించడం ఇష్టం లేకపోతే టెలిగ్రామ్ గ్రూపులు నయం. అక్కడ ప్రైవసీలో ఫోన్ నంబరు 'ఎవరికీ వద్దు' అని పెట్టుకోవచ్చు.

జవాబులు వచ్చాక అసలు పని మొదలవుతుంది. ఎవరైనా "మాకూ తిత్లీలో జీడితోట పోయింది" అన్నారనుకోండి. వెంటనే మన నష్టం ఇంకా పెద్దదని చెప్పడం మొదలుపెడతాం. ఆగండి. "మళ్ళీ మొక్కలు వేశారా? కాపుకొచ్చాయా?" అని వాళ్ళ సంగతి మీద ఒక ప్రశ్న అడిగి, ఆ తర్వాత మీది ఒక ముక్క చెప్పండి. వాళ్ళు ఒకటి చెబితే మీరొకటి, అంతే బరువున్నది. వాళ్ళు కూర గురించి చెబితే మీరు విడాకుల గురించి చెప్పకూడదు. బరువు తేడా వస్తే అవతలివాళ్ళు భయపడి తప్పుకుంటారు, మనకి చెప్పుకున్నందుకు సిగ్గేస్తుంది.

"మీరేటోళ్ళు?" అనే కులం ప్రశ్న ఎవరో ఒకరు వేస్తారు, చాలాసార్లు ఇంటిపేరు, ఊరు అడిగి చుట్టుతిప్పి. కోపగించుకోనక్కర్లేదు, జవాబూ ఇవ్వనక్కర్లేదు. "మేం పనసపొట్టులో ఆవ పెట్టేవాళ్ళం అండి" అని నవ్వుతూ మాట మళ్ళించండి. రెండోసారి అడిగితే "అది చెప్పుకోనండి" అని సూటిగా అనెయ్యండి. మూడోసారి అడిగే మనిషితో స్నేహం అవసరం లేదు.

పొరపాటున ఎక్కువ చెప్పేస్తే? వాట్సాప్‌లో పదిహేను నిమిషాల్లోపు మార్చుకోవచ్చు, రెండు రోజుల దాకా అందరికీ కనిపించకుండా తీసెయ్యవచ్చు. ఎవరైనా ఈలోగా స్క్రీన్‌షాట్ తీసుంటే దాన్ని ఆపలేం, అందుకే కొట్టివేతలన్నీ కాగితం మీదే అయిపోవాలి. మీరు చెప్పిన ముక్కలనే మీకు తిప్పి చెబుతూ "మాదీ సోంపేటే అప్పా, మా అమ్మ ఆసుపత్రిలో ఉంది, అయిదు వేలు ఫోన్‌పే చెయ్యి" అని ఎవరైనా విడిగా మెసేజ్ పెడితే డబ్బు పంపకండి. ఫోన్ చేసి మాట్లాడండి, ఊళ్ళో తెలిసినవాళ్ళని అడగండి. ఓటీపీ అడిగితే మాట అక్కడితో ముగించండి. డబ్బు పోతే రాత్రనీ పగలనీ చూడకుండా వెంటనే సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చెబితే బ్యాంకులో ఆ డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

ఒక్కోసారి ఇంత చేసినా ఎవరూ పలకరు. గ్రూపులో ఆ రోజు వేరే గొడవ నడుస్తూ ఉండొచ్చు. అదే పరిచయం మళ్ళీ పెట్టకండి. వారం ఆగి, ఎవరో మిషను గురించి అడిగినప్పుడు దానికి జవాబిస్తూ మీ ఆరింటిలో ఒక ముక్క కలపండి: "బాబిన్ కింద దుమ్ము తీసి చూడండి. మా సోంపేటలో ఉప్పుగాలికి మిషన్లు ఇలాగే మొరాయిస్తాయి." ఈసారి పలుకుతారు. మీ తర్వాత చేరినవాళ్ళు "పాటలు వినడం ఇష్టం" అని రాసినప్పుడు దండం బొమ్మ పెట్టి వదిలెయ్యకుండా "పనిచేస్తూ వింటారా, పడుకునే ముందా?" అని అడగండి.