తీన్‌పత్తా తెలిసినవారు పోకర్ నేర్చుకోవడం ఎలా?

మా నల్లగొండ వైపు దసరాకు ఇల్లు చేరిన బంధువుల్లో తీన్‌పత్తా ఎరిగినవారే ఎక్కువ కాబట్టి, వారికి పోకర్ నేర్పేటప్పుడు ముందుగా మాన్పించవలసిన అలవాటు ఒకటుంది. తీన్‌పత్తాలో సీక్వెన్స్ (వరుస అంకెల ముక్కలు) కలర్‌ను (ఒకే గుర్తు ముక్కలను) కొడుతుంది. పోకర్‌లో కలరే సీక్వెన్స్‌ను కొడుతుంది. మా మేనమామ ఒకసారి సీక్వెన్స్ చూపి పందెంలోని చింతగింజలు దగ్గరకు లాక్కుంటుండగా, ఎదుట కూర్చున్న పిల్లవాడు ఐదు ఇస్పేట్లను చాప మీద పరిచాడు. అదే 52 ముక్కల పేకలో తీన్‌పత్తాలోలా మూడేసి తీస్తే సీక్వెన్స్‌లు 720, కలర్లు 1,096 రకాలుగా వస్తాయి. పోకర్‌లోలా ఐదేసి తీస్తే సీక్వెన్స్‌లు 10,200 కాగా, కలర్లు 5,108 మాత్రమే. పోకర్‌లో అరుదుగా పడేదే పెద్దది గనుక, తీన్‌పత్తాలో అన్నింటినీ ఓడించే ట్రయల్ (ఒకే అంకె ముక్కలు మూడు) కూడా ఇక్కడ సీక్వెన్స్ కంటే చిన్నదే.

పోకర్‌లో కింది నుంచి పైకి వరుస ఇది: విడిముక్కలు, ఒక జత, రెండు జతలు, ట్రయల్, సీక్వెన్స్, కలర్, ట్రయల్‌తో పాటు జత ఉండే ఫుల్‌హౌస్, ఒకే అంకె ముక్కలు నాలుగు, ఒకే గుర్తులో వరుసగా వచ్చే ప్యూర్ సీక్వెన్స్.

పోకర్‌లో బాగా ప్రచారంలో ఉన్నది టెక్సాస్ హోల్డెమ్. పందేనికి డబ్బు బదులు మనిషికి 50 చింతగింజలు పంచుకోండి. ఎందుకంటే తెలంగాణలో డబ్బు పెట్టి పేకాట ఆడడం నేరం. 2017లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా నిషేధించారు. ముక్కలు పంచేవారికి ఎడమవైపు మొదటివారు ఒక గింజ, రెండోవారు రెండు గింజలు ముందే వేయాలి. తర్వాత అందరికీ రెండేసి ముక్కలు బోర్లించి పంచుతారు. వాటిని చేతిలోకి ఎత్తకుండా, అరచేయి అడ్డుపెట్టి, బొటనవేలితో అంచు మాత్రం లేపి చూసుకోవాలి. ఒక విడత పందెం ముగిశాక మధ్యలో మూడు ముక్కలు, ఆపై ఒకటి, చివరగా మరొకటి తెరుస్తారు; తెరిచిన ప్రతిసారీ పందెం నడుస్తుంది. ఎదుటివారు వేసినన్ని వేస్తే కాల్, పెంచితే రైజ్, ముక్కలు పడేస్తే ఫోల్డ్, ఎవరూ వేయనప్పుడు ఊరకే దాటేస్తే చెక్. మొత్తం ఏడింటిలో మేలైన ఐదు ముక్కలే లెక్కకు వస్తాయి.

మీ చేతిలో ఆటీను ఆసు, ఆటీను ఏడు ఉన్నాయనుకోండి. మధ్యలో ఆటీను రాజు, ఆటీను నాలుగు, కళావరు తొమ్మిది పడ్డాయి. మీకు కనిపించని 47 ముక్కల్లో ఆటీన్లు తొమ్మిది గనుక, తర్వాతి ముక్కతోనే కలర్ కుదిరే అవకాశం ఐదింట ఒక వంతుకు కాస్త తక్కువ. అంటే కుప్పలో మీరు వేసేదానికి నాలుగు రెట్లకు పైగా ఉంటేనే వేయడం లాభం. కుప్పలో 16 గింజలుండి, మీరు వేయవలసినవి రెండే అయితే కాల్ చేయండి. పది వేయవలసి వస్తే, చేతిలో ఆసు ఉన్నా సరే, ఫోల్డ్ చేయండి.